జింకు కాపలా

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థిగా ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు అడిగారు. కవితలు రాయడం నాకు రాదు. చింతలపూడి హాస్టల్లో ఉన్నన్నాళ్లూ రోజుకు మూడుసార్లు నేను వేసుకున్న మాత్ర గురించి రాస్తాను. తమ్ముళ్లలో ఎవరికైనా పనికిరావచ్చు.

2008లో మా అన్నయ్య ఇంటర్ చదువుతున్నాడు. కళ్లు పచ్చబడ్డాయి. అందరూ పచ్చకామెర్లే అన్నారు. పసరు తాగించారు, పత్యం పెట్టారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చాయి. తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. ముత్యాల్లాంటి దస్తూరి పిచ్చిగీతలైంది. మాట ముద్దగా వచ్చేది. గాలి సోకిందన్నవాళ్లూ ఉన్నారు. చివరికి విజయవాడలో ఒక డాక్టరు గారు కంటిని మిషన్‌తో పరీక్షించి, నల్లగుడ్డు అంచున గోధుమ రంగు వలయం ఉందన్నారు. రక్తం, 24 గంటల మూత్రం పరీక్షించి విల్సన్ వ్యాధి అని తేల్చారు. ఆ వెంటనే "ఇతనికి తోడబుట్టినవాళ్లు ఉన్నారా?" అని అడిగారు.

ఉన్నది నేనొక్కడినే. అప్పుడు నాకు 13 ఏళ్లు. ఏ బాధా లేదు, కబడ్డీ ఆడుకుంటున్నాను. పరీక్ష చేస్తే నాకూ ఉందని తేలింది.

మనం తినే అన్నం, పప్పు, కూరల్లో రోజూ ఒకటి రెండు మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. ఒంటికి రాగి కావాలి గాని, కొంచెమే కావాలి. మిగిలినదాన్ని లివర్ పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పని చేయించే జన్యువు పేరు ఏటీపీ7బి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ చెడ్డవే వస్తే రాగి బయటికి పోదు. లివర్లో పేరుకుని దాన్ని గట్టిపరుస్తుంది, తర్వాత మెదడుకు, కళ్లకు చేరుతుంది. మా అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరికీ ఏ జబ్బూ లేదు, కాని ఒక్కో చెడ్డ జన్యువు ఉంది. అలాంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మాకు ఇద్దరికీ వచ్చింది.

అన్నయ్యకు రాగిని మూత్రంలో లాగేసే పెన్సిలమిన్ మందు మొదలుపెట్టారు. నాకింకా లివర్ పాడవలేదు కాబట్టి జింకు మాత్ర చాలన్నారు. విరేచనాలైతే చిన్నపిల్లలకు 14 రోజులు ఇచ్చే మాత్రల్లో ఉండేదీ ఈ జింకే. కాకపోతే నాది జీవితాంతం.

జింకు లివర్ దాకా వెళ్లి పోట్లాడదు. పేగుల్లోనే కాపలా కాస్తుంది. జింకు తగలగానే పేగు గోడలోని కణాలు మెటల్లోథయోనిన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి. దానికి జింకు కంటే రాగి మీదే మక్కువ ఎక్కువ. తిండిలోంచి, లాలాజలంలోంచి వచ్చిన రాగిని పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. ఆ కణాలు కొద్ది రోజులకే రాలిపోతాయి, వాటితోపాటు రాగి మలంలో పోతుంది. అందుకే ఒక్క పూట కూడా మానకూడదు. కాపలావాడు లేచిపోతే తలుపు తెరిచినట్టే.

ఈ సంగతి తెలిసిన తీరు కూడా చెప్పుకోదగ్గది. 1912లో విల్సన్ అనే డాక్టరు లండన్‌లో ఈ జబ్బును వివరించారు. 1961లో హాలెండులో స్కౌవింక్ అనే ఆయన జింకుతో వైద్యం ప్రయత్నించారు. తర్వాత అమెరికాలో బీహారువాడైన ఆనంద ప్రసాద్, జార్జి బ్రూయర్ కలిసి సికిల్ సెల్ రోగులకు జింకు ఇస్తే వాళ్లలో రాగి తగ్గిపోయింది. 1978లో ఆ విషయం ప్రకటించారు. ఒకరికి నష్టమైనది మరొకరికి మందవుతుందని బ్రూయర్ గారు ఏళ్ల తరబడి పరిశోధించారు. 1997లో అమెరికా ప్రభుత్వం విల్సన్ వ్యాధికి జింక్ ఎసిటేట్‌ను అనుమతించింది.

జింకు మాత్ర తిండితో కలిస్తే సరిగా పనిచేయదు. తినడానికి గంట ముందో, తిన్న రెండు గంటలకో వేసుకోవాలి. హాస్టల్లో బెల్లు కొట్టినప్పుడే తిండి. తెల్లవారుజామున స్టడీ అవర్లో ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి వేసుకునేవాణ్ణి. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేది. సాయంత్రం పంచే అరటిపండు అప్పుడే తినకూడదు కాబట్టి, నా వంతును ఒక మిత్రుడు తన ట్రంకు పెట్టెలో గంటసేపు దాచిపెట్టేవాడు. ఎన్నడూ ఒక్క పండూ తగ్గలేదు! నాన్న పామాయిల్ తోటల్లో గెలలు కోసేవారు. నెలకోసారి కూలి పోగొట్టుకుని ఏలూరు వెళ్లి మాత్రలు తెచ్చేవారు. వేటకార్జం, పీతలు, రొయ్యలు, జీడిపప్పు, పుట్టగొడుగులు, చాక్లెట్లు తినవద్దన్నారు. చుట్టూ కోకో తోటలున్నా నేను చాక్లెట్ ముట్టలేదు.

పులుసునూ మజ్జిగనూ కళాయి లేని ఇత్తడి గిన్నెలో పోయనిచ్చేది కాదు మా నాయనమ్మ. చిలుము విషమని ఆమెకు తెలుసు. ఇత్తడి, రాగి పాత్రల్లో కాచిన పాలతో పసిపిల్లల లివర్లు పాడయ్యాయని 1980లలో పూణే డాక్టర్లు చెప్పారు. ఈ రోజుల్లో రాగి సీసాలో నీళ్లు ఆరోగ్యమంటున్నారు. మాలాంటివాళ్లకు అది పనికిరాదు.

అన్నయ్య 2010లో చనిపోయాడు. మందు పడేసరికే లివర్ గట్టిపడిపోయింది. నాకు ఇప్పుడు 30 దాటాయి. ఉద్యోగం చేసుకుంటున్నాను. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు చేయించుకుంటాను, లివర్ బాగుంది. ఇద్దరిదీ ఒకే రక్తం, ఒకే జబ్బు. తేడా అంతా తెలిసిన వేళలోనే ఉంది. ఆ వేళ నాకు దొరికింది అన్నయ్య వల్లనే.

తమ్ముళ్లారా! మీ ఇంట్లో ఎవరికైనా కామెర్లు మళ్లీ మళ్లీ వస్తున్నా, కుర్రవయసులో చెయ్యి వణికినా, దస్తూరి పాడైనా పసరుతో కాలం గడపకండి. సెరులోప్లాస్మిన్ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. జబ్బు ఉందని తేలితే తోడబుట్టినవాళ్లందరికీ చేయించండి. జింకు మంచిదన్నానని ఎవరూ సొంతంగా మింగవద్దు. జబ్బు లేనివాళ్లు ఎక్కువ కాలం ఎక్కువగా వాడితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత వస్తుంది.

ఇట్లు,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థి