ఎలుకలున్నాయా ఇంట్లో?

కామెర్లు వచ్చినవాళ్లు మా దగ్గరికి నేరుగా రారు. ముందు పసరు మందు తాగి, కొందరు చేతికి వాత కూడా వేయించుకుని, చప్పిడి పథ్యం చేసి, అప్పటికీ కళ్లు తెల్లబడకపోతే వస్తారు. పరీక్ష చేయిస్తే చాలామందిలో తేలేది హెపటైటిస్‌-ఇ. చాలావరకు దానంతట అదే తగ్గే జబ్బు కనుక పేరు పసరుకి దక్కుతుంది, దక్కనివ్వండి. కడుపుతో ఉన్న పిల్లని కూడా ముందు పసరు మందుకే తీసుకెళ్లారంటే మాత్రం నాకు కోపం ఆగదు. చివరి నెలల్లో ఈ వైరస్‌ సోకితే వందలో 20 మంది దాకా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

"ఏ నీళ్లు తాగుతున్నారు?" అన్నది మా మొదటి ప్రశ్న. 1955-56లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. అప్పట్లో హెపటైటిస్‌-ఎ అనుకున్నారు. దాచి ఉంచిన రక్త నమూనాలని పరీక్షించి, అది కాదని తేల్చడానికి పాతికేళ్లు పట్టింది. 2005లో హైదరాబాద్‌లో చూసిందీ ఇదే కథ, మంచినీళ్ల గొట్టాల్లోకి మురుగు.

కొన్ని వేరే దేశాల డాక్టర్లు మాత్రం నీళ్ల కంటే ముందు తిండి గురించి అడుగుతారు. 1997లో అమెరికాలో పందుల్లో ఈ వైరస్‌ దొరికింది. 2003లో జపాన్‌లో పచ్చి జింకమాంసం తిన్న కుటుంబాలకి జబ్బు చేస్తే, ఫ్రీజర్లో మిగిలిన ముక్కలోనూ రోగుల రక్తంలోనూ ఒకే వైరస్‌ కనిపించింది. ఒంటె నుంచి సోకినట్టు కూడా ఆధారాలున్నాయి. మన దేశంలో మనుషులకి వచ్చేది ఒకటో రకం, పందుల్లో కనిపించేది నాలుగో రకం. అందుకే ఇక్కడ నీళ్ల ప్రశ్నతోనే పని గడిచిపోయేది.

ఎలుక అనగానే మాకు తట్టేది దాని మూత్రంతో సోకే లెప్టోస్పైరోసిస్‌. వరినాట్ల కూలీ కళ్లు ఎర్రబడి, పిక్కలు ముట్టుకుంటే అరిచేంత నొప్పితో వస్తాడు. కళ్లు పచ్చబరిచే బిలిరుబిన్‌ 20 దాటినా, లివర్‌ దెబ్బని చూపే ఎస్‌జీపీటీ చాలాసార్లు 200 లోపే ఉంటుంది. వైరల్‌ కామెర్లలో అది వేలల్లోకి పోతుంది. ఆ ఒక్క అంకెతోనే సగం అనుమానం తీరుతుంది.

జర్మనీలోని హాంబర్గ్‌ ఎలుకల్లో హెపటైటిస్‌-ఇ జాతి వైరస్‌ని 2010లో గుర్తించారు. మన వైరస్‌కి దూరపు చుట్టమే కాబట్టి మనిషి జోలికి రాదనుకున్నారు. 2018లో హాంకాంగ్‌ డాక్టర్లు ఆ ధీమాని చెడగొట్టారు. కాలేయ మార్పిడి జరిగిన 56 ఏళ్ల మనిషికి లివర్‌ పరీక్షలు ఎంతకీ సర్దుకోలేదు. యాంటీబాడీలు ఉన్నాయి, మామూలు పీసీఆర్‌లో వైరస్‌ లేదు. ఆ పీసీఆర్‌ మనుషుల రకాలని పట్టుకోవడానికి తయారైనది. వెతుకులాట మార్చి చూస్తే ఎలుక వైరస్‌. ఆయన ఇంటి బయట చెత్త వేసే చోట ఎలుకల పెంటికలున్నాయి. రైబావిరిన్‌తో నయమైంది. ఆ తర్వాత అక్కడ ఇంకొన్ని కేసులు బయటపడ్డాయి. ఎలుక నుంచి మనిషికి ఏ దారిన వస్తోందో ఇంకా కచ్చితంగా తేలలేదు.

ఇదంతా చదివి ఉన్నాను కనుకే, కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఓ బియ్యం వ్యాపారి ఎస్‌జీపీటీ నెలల తరబడి 120, 150 మధ్య ఊగుతుంటే పాత రిపోర్టులు తిరగేశాను. హెపటైటిస్‌-బి లేదు, సి లేదు. ఇ యాంటీబాడీ పాజిటివ్‌, పీసీఆర్‌ నెగటివ్‌. "ఎలుకలున్నాయా ఇంట్లో?" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇల్లే కొట్టు, కొట్టే ఇల్లు. బియ్యం బస్తాలుండగా ఎలుకలుండవా సార్‌? పందికొక్కులు కూడా ఉన్నాయి."

ఎలుక వైరస్‌కి పరీక్ష చేసే ల్యాబ్‌ నాకు దగ్గర్లో లేదు. కిడ్నీ డాక్టరుతో మాట్లాడి, రోగనిరోధక శక్తిని అణిచే మందు టాక్రోలిమస్‌ డోసు కొంచెం తగ్గించాం. దీర్ఘకాలంగా ఇ వైరస్‌ ఉన్న మార్పిడి రోగుల్లో మూడోవంతు మందికి ఆ ఒక్క పనితోనే అది పోతుంది. అసలు మందు వల్లే లివర్‌ అలుగుతోందనుకున్నా తగ్గించడం మంచిదే. మూడో నెలకి ఎస్‌జీపీటీ 40కి దిగింది. వైరస్సే అని నేను కేస్‌షీట్‌లో రాయలేదు, కాదనీ రాయలేదు.

గోతాలు దులపడం, కొట్టు ఊడవడం ఇక మీ అబ్బాయికి అప్పజెప్పండి అన్నాను.

"ఆ పని ఎప్పుడూ వాడిదేనండీ," అన్నాడు. "నాది గల్లాపెట్టె."