లకడీ కా పుల్‌లో కట్టె ఏదీ?

మాది ఉట్నూరు వైపు గోండు గూడెం. మొన్న చలికాలంలో పదకొండు మంది బడి పిల్లల్ని తీసుకొని, మాసాబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం చూపిద్దామని ఇద్దరు టీచర్లం హైదరాబాద్ వెళ్లాం. మ్యూజియం గురించి వేరే రాయాలి. ఇది స్టేషన్ సంగతి.

ఎంజీబీఎస్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కాం. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా 27 స్టేషన్లున్న ఈ దారి ఎక్కడా నేల కిందికి పోదు, అంతా స్తంభాల మీదే. మేం దిగాల్సింది లకడీ కా పుల్.

కదిలే మెట్ల దగ్గర పిల్లలు ఆగిపోయారు. వెనుక నుంచి ఎవరో "జల్దీ నడువుండ్రి" అన్నారు. తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకుపోవాలని డీఎడ్‌లో మాకు నేర్పారు. ఇక్కడ మాకే కాళ్లు వణుకుతున్నాయి! అందరం పక్కనున్న మామూలు మెట్లెక్కాం.

రైల్లో పిల్లలు గోండిలో ఒకటే ముచ్చట్లు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి "ఇదేం భాష పాపా?" అని అడిగారు. మంచిగానే అడిగారు. ఆరో తరగతి అమ్మాయి "తెలుగే" అని తల దించుకుంది. దాంతో పదకొండు నోళ్లూ మూతపడ్డాయి. మేమైనా వెంటనే గోండి అని చెప్పొచ్చు కదా, చెప్పలేదు. రెండు స్టేషన్లు దాటాక చెప్పాం. అప్పటికి ఆయన ఫోన్ చూసుకుంటున్నారు.

లకడీ కా పుల్‌లో దిగి రోడ్డు మీదికి వచ్చాక పిల్లలు పైకి చూశారు. రోడ్డు నడుమ ఒకే వరుస స్తంభాలు, వాటి మీద రెండు వైపులా చాచుకున్న స్టేషన్. కొమ్మలు చాచిన మద్ది చెట్టులా ఉందన్నాడొకడు. మా వైపు హిందీ పిల్లలకు కొంత తెలుసు.

"సార్, లకడీ అంటే కట్టె, పుల్ అంటే వంతెన. మరి కట్టె ఏదీ?"

"ఎప్పుడో కట్టె వంతెన ఉండేదట. పేరు మిగిలింది."

"మనది ఇంకా కట్టె పులే కద సార్!"

నవ్వారు. మాకు నవ్వు రాలేదు. మా వాగు మీద ఉన్నవి రెండు మద్ది దుంగలు. వానాకాలంలో వాగు పొంగితే అవి కొట్టుకుపోతాయి, అవతలి గూడెం పిల్లలు బడికి రాలేరు. రిజిస్టరులో వాళ్ల పేర్ల ఎదుట గైర్హాజరు అని రాసేది మా చెయ్యే. వంతెన కోసం ఇచ్చిన దరఖాస్తుల నకళ్లు బడి బీరువాలో ఒక కట్ట ఉన్నాయి.

తిరిగొచ్చిన మర్నాడు బడి విడిచాక వాగు దగ్గర గోల వినిపించి వెళ్లాం. పిల్లలు దుంగల మీద వరుసగా నిలబడి ఉన్నారు. రైల్లో తల దించుకున్న ఆ అమ్మాయే ముందు నిలబడి, మెట్రోలో విన్న గొంతును అనుకరిస్తూ గోండిలో ప్రకటిస్తోంది: రాబోయే స్టేషన్ మన గూడెం, తలుపులు ఎడమ వైపు తెరుచుకుంటాయి.

అందరూ ఎడమ వైపు దిగారు, మోకాలి లోతు నీళ్లలోకి.