నెత్తిన వెన్న

నెత్తిన వెన్న ఉన్నవాడు ఎండలోకి వెళ్ళకూడదని ఆస్ట్రియాలోనూ దక్షిణ జర్మనీలోనూ ఒక సామెత. పల్లెల ఆడవాళ్ళు వెన్నముద్దల బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు నడిచిన రోజుల్లో పుట్టిన మాట అంటారు. ఎండెక్కితే వెన్న కరిగి నుదుటి మీదుగా చెంపలకు కారుతుంది. ఇక దాచడానికేముంది? అందుకే 'ఆయన నెత్తిన వెన్న ఉంది' అంటే ఆయనా తప్పు చేసినవాడే, ఎదుటివాణ్ణి వేలెత్తి చూపే హక్కు లేదు అని.

ఈ మాటే క్రొయేషియాలోనూ నడుస్తుంది. అయితే పుస్తకాల క్రొయేషియన్‌లో వెన్నని 'మాస్లట్స్' అంటారు. ఈ నుడికారంలో మాత్రం అది 'పుతర్', అంటే అచ్చంగా జర్మన్ 'బుటర్'. అర్థంతో పాటు వెన్న కూడా పొరుగింటి నుంచే వచ్చిందన్నమాట. 1527లో క్రొయేషియా ప్రభువులు హాబ్స్‌బర్గ్ ఫెర్డినాండ్‌ను రాజుగా ఎన్నుకున్నారు. ఆ వంశం ఏలుబడి 1918 దాకా సాగింది. ఇన్ని తరాల సహవాసంలో జర్మన్ మాటలు కచేరీల్లోనే ఆగిపోక వంటింట్లోకీ నడిచి వచ్చాయి. జాగ్రెబ్ పాతకాలపు ఇళ్ళలో వంటపొయ్యి 'ష్పార్‌హెత్', టమాటా 'పారదైజ్'. రెండూ జర్మన్ నుంచి వచ్చినవే.

ఈ వెన్న మాట వినగానే తెలుగువాడికి గుమ్మడికాయల దొంగ గుర్తుకు రావాలి. బూడిద గుమ్మడికాయ మోస్తే దాని తెల్లని పొడి భుజానికి అంటుకుంటుంది. ఎవరూ పేరెత్తకుండానే దొంగ భుజాలు తడుముకుంటాడు. వియన్నా వెన్నకూ మన గుమ్మడికీ చుట్టరికం లేదు. కానీ మోసిన సరుకే మోసినవాడి ఒంటి మీద సాక్ష్యం చెబుతుందన్న ఎరుక రెండు చోట్లా ఉంది. సంతకు నడిచే మనుషులకే ఇలాంటి ఊహ తడుతుందని నా నమ్మకం.

బేరిపండు కథ కొంచెం మెలికలు తిరుగుతుంది. జర్మన్‌లో 'బిర్నె' అంటే బేరిపండు. వాడుకలో తలకాయ కూడా బిర్నెనే, కరెంటు బల్బు కూడా బిర్నెనే. మూడింటి ఆకారం చూస్తే చాలు, ఎందుకో ఇంకొకరు చెప్పక్కర్లేదు. క్రొయేషియన్‌లో బేరిపండు 'క్రుష్కా'. అక్కడ ఎవరైనా మాయమాటలతో బుట్టలో వేయబోతే 'నేనేం బేరిచెట్టు మీంచి పడలేదు' అంటారు. మన 'చెవిలో పువ్వు పెట్టుకున్నవాడిలా కనిపిస్తున్నానా' అనే గొంతే అది. ఇంకో సంగతి, క్రొయేషియన్‌లో బంగాళాదుంపను 'క్రుంపీర్' అంటారు. దాని వెనక జర్మన్ మాండలికపు 'గ్రుండ్‌బిర్నె' ఉంది, అంటే నేలబేరి.

అసలు కిటుకు ఎక్కడుందో చెప్పాలంటే ఈ రెండు భాషలూ కుందేలును పిలుస్తాయి. 'ఆ పొదలోనే ఉంది కుందేలు' అంటాడు క్రొయేషియన్. 'కుందేలున్నది మిరియాల్లో' అంటాడు జర్మన్. ఆ మిరియాలంటే కుందేలు మాంసం ఉడికించే ఘాటైన పులుసు. ఒకటి వేటగాడి మాట, ఇంకొకటి వంటవాడి మాట. వాడుకలో రెండింటి అర్థం దాదాపు ఒకటే అయినా నాకు పొదలోని కుందేలే ఇష్టం. దానికింకా ప్రాణముంది, ఆచూకీ దొరికింది గానీ చేతికి చిక్కలేదు. చిక్కుముడి అర్థమైన క్షణం సరిగ్గా అలాగే ఉంటుంది.

అర్థం కాని వ్యవహారాన్ని జర్మన్లు 'బొహీమియా పల్లెలు' అంటారు. చెక్ భాషలోని ఊళ్ళ పేర్లు వాళ్ళకు నోరు తిరగనివి మరి. క్రొయేషియన్లు 'స్పెయిన్ పల్లెలు' అంటారు. చెక్ కూడా తమ భాషలాగే స్లావ్ భాష కాబట్టి వాళ్ళకు ఆ పేర్లు అంత కొత్తగా తోచవు. అందుకే ఇంకాస్త దూరం వెళ్ళాల్సి వచ్చిందేమో అనిపిస్తుంది. చెక్కులు సైతం స్పెయిన్ పల్లెనే చూపిస్తారు.

వీటన్నిటినీ మించి నన్ను కదిలించేది పొట్ట మాట. క్రొయేషియన్‌లో పొట్ట 'త్ర్‌బుహ్', రొట్టె 'క్రుహ్'. బతుకుతెరువు కోసం ఊరు విడిచినవాళ్ళు 'త్ర్‌బుహొమ్ జా క్రుహొమ్' వెళ్ళారంటారు, అంటే పొట్టతో రొట్టె వెంట. అంత్యప్రాస ఉంది కదా అని పాటలా వినబడుతుంది గానీ లోపలున్నది ఆకలి. పొట్ట చేతపట్టుకుని వలసపోయిన పాలమూరు కూలీల గురించి విన్నవాళ్ళకు ఈ మాటను విడమర్చి చెప్పక్కర్లేదు.

అలా వెళ్ళినవాళ్ళలో ఎందరికో ఆ రొట్టె దొరికింది జర్మనీలోనే. 1968లో పశ్చిమ జర్మనీ, అప్పట్లో క్రొయేషియా భాగంగా ఉన్న యుగోస్లావియా కూలీల ఒప్పందం చేసుకున్నాయి. వచ్చినవాళ్ళను 'గాస్ట్‌ఆర్బైటర్' అన్నారు, అంటే అతిథి కార్మికుడు. అతిథి చేత పని చేయించే ఇల్లు ఎక్కడుంటుంది? ఆ పేరులోని మర్యాద వెనక అసలు అర్థం, పనయ్యాక వెళ్ళిపో అని. 1973లో కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేశారు. ఉన్నవాళ్ళలో చాలామంది వెళ్ళలేదు. భార్యాబిడ్డలను రప్పించుకుని స్థిరపడ్డారు. ఆ పేరు మాత్రం 'గస్తార్‌బైతెర్' అని క్రొయేషియన్‌లోకి వచ్చి ఉండిపోయింది.

2013లో క్రొయేషియా యూరోపియన్ యూనియన్‌లో చేరింది. మళ్ళీ జర్మనీకి, ఐర్లండ్‌కు బళ్ళు కదిలాయి. ఈసారి వాటిలో నర్సులు, డాక్టర్లు, ఎలక్ట్రీషియన్లు కూడా ఉన్నారు. ఇంట్లో రొట్టె లేక వెళ్ళినవాళ్ళు కాదు వీళ్ళంతా. మంచి జీతానికీ, సిఫారసు అక్కర్లేని ఉద్యోగానికీ వెళ్ళినవాళ్ళున్నారు. అయినా జనం వీళ్ళ గురించీ పొట్టతో రొట్టె వెంటే వెళ్ళారంటారు.