చీటీలో రాయని ఖర్చు

స్కిజోఫ్రెనియాకు మందుల ఖర్చెంత అవుతుందని చాలామంది అడుగుతుంటారు. నిజానికి ఈ వ్యాధిలో అన్నిటికన్నా చవకైనది మందే. రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటి మాత్రలు జనరిక్ దుకాణాల్లో తక్కువ ధరకే లభిస్తాయి. కుటుంబాన్ని కుంగదీసేది చీటీలో రాయని ఖర్చు.

విడవలూరు ప్రాంతం నుంచి నా వద్దకు వచ్చిన కుటుంబాలలో అధికం వరికయ్యల్లోనో, రొయ్యల గుంటల వద్దనో దినకూలితో జీవించేవి. ఈ వ్యాధి సాధారణంగా నవయౌవనంలో, అంటే ఇంటికి రెండో సంపాదన అందవలసిన వయసులో బయటపడుతుంది. కొడుకు కూలి పోవడం ఒక నష్టం. అతన్ని కనిపెట్టుకొని తల్లి ఇంటిపట్టున ఉండిపోవడం రెండో నష్టం. కోవూరు మీదుగా నెల్లూరుకు వచ్చిన రోజున ఇద్దరి బస్సు చార్జీలు అదనం. ఒక తల్లి నాతో అన్నది: “మాత్రలు మీరే ఇస్తా ఉండారు సామీ. అబ్బయ్యను ఒంటిగా ఇడిచిపెట్టి నేను కయ్యలోకి ఎట్టా పొయ్యేది?” ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో జవాబు లేదు.

వైద్యుని వద్దకు రాకముందే కొంత సొమ్ము కరిగిపోయి ఉంటుంది. మా జిల్లాలో మానసిక వ్యాధిగ్రస్తులను ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకువెళ్లడం హిందువులలోనూ ఉన్న ఆచారమే. దానిని నేను ఆక్షేపించను. మొక్కు తీర్చుకోండి, మాత్ర మాత్రం ఆపకండి అనేవాణ్ణి. (ఈ రాజీ కొందరు మిత్రవైద్యులకు రుచించేది కాదు.) మందు ఆపితే వ్యాధి తిరగబెడుతుంది, తిరగబెట్టిన ప్రతిసారీ అప్పు పెరుగుతుంది. మాత్ర మింగనని మొండికేసేవారికి నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి.

శరీరం చెల్లించే మూల్యం వేరు. బీడీలు, కదలిక లేని జీవితం, కొన్ని మందులతో పెరిగే బరువు, మధుమేహం కలిసి వీరి ఆయుష్షును హరిస్తాయి. వీరి అకాలమరణాలకు గుండెజబ్బు ఒక ప్రధాన కారణం. అయినా ఛాతీలో నొప్పి అని చెబితే పిచ్చివాడి మాటగా కొట్టిపారేస్తారు. రక్తపోటును, చక్కెరను క్రమం తప్పక పరీక్ష చేయించండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది. సదరం శిబిరంలో 40 శాతం లేదా అంతకు మించి నిర్ధారణ అయితే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కాలు లేనివానికి పింఛను అడగడానికి ఎవరూ సంకోచించరు. ఇక్కడ మాత్రం చెల్లెలి పెళ్లి అయ్యేదాకా బయటపెట్టవద్దంటారు. పెళ్లి అయ్యాక అత్తవారికి తెలియరాదంటారు. ఏళ్లు గడిచిపోతాయి.

2022 నుంచి టెలిమానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతోంది. కూలిపని ముగించుకొని రాత్రివేళ చేసినా పలుకుతారు.