ఓటు బరువు

ముప్ఫయ్యేళ్ళుగా రాస్తున్నాను. పారితోషికంగా ఎక్కువసార్లు అందింది పత్రిక కాపీ మాత్రమే. అందుకే, రాసినవాళ్ళకీ, చదివి ఓటేసినవాళ్ళకీ డబ్బిచ్చే స్టీమిట్ గురించి ఆసక్తిగా తెలుసుకున్నాను. 2016లో నెడ్ స్కాట్, డేనియల్ లారిమర్ దాన్ని మొదలుపెట్టారు. అక్కడి రాతలు బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఎన్నో కంప్యూటర్లలో ఒకేసారి ఉండే ఖాతా పుస్తకంలో చేరతాయి. ఏ ఒక్కరూ చెరిపెయ్యలేరు. చాకిరీకి విలువ కట్టమని ఏళ్ళ తరబడి అడుగుతున్న మనకి ఇదంతా తీపిగానే వినిపిస్తుంది.

కానీ అక్కడ అందరి ఓటూ ఒకటి కాదు. ఎవరి ఖాతాలో ఎక్కువ నాణేలు దాచి ఉంటే వాళ్ళ ఓటుకి అంత బరువు. కొత్తగా వచ్చినామె రచనని వందమంది పేదవాళ్ళు మెచ్చుకున్నా రాలేది చిల్లరే. ఒక్క సంపన్నుడు మెచ్చితే చాలు, కాసులు కురుస్తాయి. సంపాదనకి గడువు ఏడు రోజులు. చదవడం వెనకపడి, ఓట్లు అమ్మే బాట్లు ముందుకొచ్చాయి. నాణెం ధర పడిపోయి, 2018 నవంబరులో కంపెనీ 70 శాతం పైగా ఉద్యోగుల్ని తీసేసింది.

2020 ఫిబ్రవరిలో కంపెనీ జస్టిన్ సన్ చేతికి వెళ్ళింది. అది నచ్చనివాళ్ళు మార్చి 20న తమ రాతలతో సహా 'హైవ్' పేరున వేరు కాపురం పెట్టారు. ఒక్క డబ్బే అయితే అంత తెగింపు రాదనిపిస్తుంది నాకు. అయినా అక్కడా ఓటు బరువు వాటాని బట్టే.

ఆస్తి లేని ఆడదాని మాటకి ఇంట్లో ఎంత విలువో మనకి తెలుసు. కొత్తగా రాసే అమ్మాయిని రప్పించడానికి డబ్బు కావాలి, ఇవ్వాలి కూడా. ఆమె నిలవాలంటే మాత్రం, చేతిలో ఏమీ లేని చదువరి మెప్పుకి కూడా లెక్క ఉండాలి.