మల్లెల తెలుపు

మల్లెపూలు తెల్లగా ఉంటాయని కెమెరాకు తెలియదు. ఎదుట ఉన్నదంతా కలిపితే మధ్యస్థమైన బూడిద రంగేనని దాని లైట్ మీటర్ లెక్క వేసుకుంటుంది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మల్లెల రాశిని ఫ్రేము నిండా పెట్టి చూడండి, పూలు మాసినట్టు వస్తాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక స్టాప్, ఒక్కోసారి ఇంకాస్త, పైకి తిప్పితే గాని తెలుపు తెలుపు కాదు. నల్ల గొంగడికైతే కిందికి తిప్పాలి.

పుస్తకాల్లో చదివిన ముక్కే ఇది. కానీ మా కాలనీవాళ్లం కలిసి పెట్టుకున్న వర్క్‌షాపులో, పక్కనున్న ఇంటర్ అమ్మాయి నా చేత డయల్ తిప్పించి, తేడా స్క్రీన్ మీద చూపించాక వేళ్లకు పట్టుబడింది. అపర్చర్ ఎఫ్ 4 నుంచి ఎఫ్ 5.6కి వెళ్తే వెలుతురు సగమవుతుంది; షట్టర్‌ను 1/250 నుంచి 1/125కి తెస్తే ఆ సగం తిరిగొస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం అర్థమైతే ఆటో మోడ్ మీద మోజు తగ్గుతుంది.

సెట్టింగుల కంటే ముందు నేర్పాల్సింది మాత్రం ఫొటో తీయొచ్చా అని మనిషిని అడగడం. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం విడిగా స్టూడియో తెరిచారు. అందులో ఫొటోలు తీసేదీ స్త్రీలే. ఎదుటివాళ్ల మొహమాటాన్ని అంత గౌరవించిన ఊరు ఇది. మేం అడిగితే పూలమ్మే పెద్దమ్మ, “ఆగు బిడ్డా, కొప్పు సదురుకుంట” అంది. ఆగాం.

వర్క్‌షాపులో వచ్చే ఆదివారం రాత్రిపూట ఫొటోలట. ట్రైపాడ్ ఎవరి దగ్గరుందో వాకబు చేస్తున్నారు.