కూతకు వెళ్ళేవాడు, బల్లమీద కూర్చున్నవాడు

చెడుగుడు ఆటలో చచ్చినవాడు మళ్ళీ బతుకుతాడు. పునర్జన్మ సిద్ధాంతాన్ని ఇంత నిష్ఠగా పాటించే ఆట నాకు మరొకటి కనబడలేదు. కూతకు వెళ్ళి పట్టుబడ్డవాడు గీత అవతల కూర్చుంటాడు. తనవాళ్ళు ఎదుటిపక్షంలో ఒకరిని చంపితే ఒకడు లేచి వస్తాడు, ఇద్దరిని చంపితే ఇద్దరు. ఏ వరుసలో చచ్చారో ఆ వరుసలోనే బతకాలి. మంచి ఆటగాడు కదా అని వెనక చచ్చినవాణ్ణి ముందు లేపటానికి వీల్లేదు. చిత్రగుప్తుడి చిట్టా కూడా ఇంత ఖచ్చితంగా ఉంటుందని నేననుకోను.

ఈ పునర్జన్మ మోకాలికి మాత్రం వర్తించదు. జట్టు ఎన్ని పాయింట్లు తెచ్చినా తెగిన లిగమెంటు లేచి కూర్చోదు. అప్పుడు బల్లమీద కూర్చున్న అయిదుగురిలో ఎవరిని లేపాలి అన్న ప్రశ్న వస్తుంది. బరిలో ఏడుగురు, బల్లమీద అయిదుగురు, వెరసి పన్నెండు పేర్ల జాబితా. చూసేవారికి ఆట అంతా ఆ ఏడుగురిదే. జట్టును నడిపేవాడికి నిద్రపట్టనిది ఆ అయిదుగురి గురించే.

టీవీవారు ఇప్పుడు ‘రైడర్’ అంటున్నారు. నాకు అభ్యంతరం లేదు, భాష అన్న తరువాత రాకపోకలుంటాయి. కాని ‘కూత’ అన్న మాటలో ఊపిరి ఉన్నది. గుక్క తిప్పుకోకుండా పలుకుతూ, ఏడుగురి మధ్యకు ఒంటరిగా వెళ్ళి, ఒకరిని తాకి తిరిగి రావటం. పట్టేవారికి తోడుంటుంది, చేతులు కలుపుకుని గొలుసు కడతారు. కూతకు వెళ్ళినవాడికి ఎవరూ లేరు. ఒకడు చీలమండ పట్టుకుంటాడు, ఒకడు తొడ పట్టుకుంటాడు, మిగిలినవారు మీద పడతారు. పాదం నేలకు అంటుకుని ఉండగా ఒళ్ళు మరోవైపు తిరుగుతుంది, ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. నడిగీతకోసం చెయ్యి చాచి పడేటప్పుడు భుజం జారుతుంది. అందరిలోకీ ఎక్కువ దెబ్బలు తినేవాడు, జట్టుకు ఎక్కువ పాయింట్లు తెచ్చేవాడు ఒక్కడే కావటం ఈ ఆటలోని చిక్కు.

కూతకు వెళ్ళేవాణ్ణి అభిమన్యుడితో పోల్చటం వ్యాఖ్యాతలకు అలవాటు. నాకు ఆ పోలిక రుచించదు. తిరిగి రావటం తెలియనివాడు కూతకు పనికిరాడు. భారతంలోనే పోలిక వెతకదలిస్తే నేను కర్ణుణ్ణి చూపిస్తాను. భీష్ముడు తనను అర్ధరథుడన్నాడని అలిగి, ఆయన ఉన్నంతకాలం ఆయుధం పట్టనని పంతం పట్టి, పది రోజులు బల్లమీద కూర్చున్నాడు. పదకొండవనాడు బరిలోకి వచ్చాడు. భీష్ముడు పది, ద్రోణుడు అయిదు, కర్ణుడు రెండు, శల్యుడికి ఒక్క రోజు. ఈ లెక్క తరగతిలో చెప్పినప్పుడల్లా నాకు ఒకటే తోచేది. దుర్యోధనుడి దగ్గర వీరులకు కొదవ లేదు. ఒకడు పడిపోతే మరుసటి వాడితో యుద్ధం ఏ తీరున నడపాలన్న ఆలోచనే లేదు.

మన తెలుగు టైటాన్స్ కథ దాదాపు ఇటువంటిదే. సిద్ధార్థ్ దేశాయిని 2019 వేలంలో 1 కోటి 45 లక్షలు పెట్టి కొన్నారు. 2021 డిసెంబరులో మొదలైన ఎనిమిదవ ప్రొ కబడ్డీ లీగులో ఆరంభంలోనే అతని భుజానికి గాయమైంది. ఆ పోటీలన్నీ కరోనా కారణంగా బెంగుళూరులోనే, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. 22 ఆటలలో టైటాన్స్ గెలిచింది ఒక్కటి. 12 జట్లలో అట్టడుగున నిలిచింది. రజనీష్ వంటి కుర్రవాళ్ళు శక్తికొద్దీ కూతలు పెట్టారు. కాని వాళ్ళు అసలువాడి వెనక రెండవ కూతగాళ్ళుగా ఎంపికైనవాళ్ళు. పెద్దవాడికి భయపడి ఎదుటివారు మూలలకు సర్దుకున్నప్పుడు దొరికే సందులో ఆడటం వేరు, ఆ సందే లేనప్పుడు ఆడటం వేరు. పోయినవాడి పాయింట్లు ఎన్నో లెక్కవేసి ఊరుకుంటే చాలదు. వాడు ఉండటంవల్ల పక్కవాడు తెచ్చిన పాయింట్లు కూడా పోతాయి. ఈ రెండవ లెక్క ఏ పట్టికలోనూ కనబడదు.

దీనికి విరుద్ధంగా జరిగింది మన పొరుగున. తమిళ్ తలైవాస్ 2022లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొన్నది. ఆ అక్టోబరులో గుజరాత్‌తో ఆడిన మొట్టమొదటి ఆటలోనే అతని మోకాలు దెబ్బతిన్నది. కూతకు వెళ్ళినప్పుడు కాదు, వచ్చినవాణ్ణి పట్టబోయి! అంతటితో ఆ ఏడాదికి అతని ఆట ముగిసింది. అందరూ తలైవాస్ పని అయిపోయిందనుకున్నారు. నరేందర్ అనే కొత్త కుర్రవాడు 240కి పైగా పాయింట్లు తెచ్చాడు, జట్టు తన చరిత్రలో మొదటిసారి సెమీఫైనలు చేరింది. ఈ కుర్రవాడు అద్భుతం చేశాడని రాశారు. అద్భుతమేమీ కాదు. వాళ్ళకు మూలల్లో గట్టిగా పట్టేవాళ్ళున్నారు. కుర్రవాడు రెండుసార్లు ఉత్తచేతులతో తిరిగివచ్చినా జట్టు మునిగిపోయేది కాదు. నేర్చుకునేందుకు వ్యవధి దొరికింది.

మరుసటి ఏడు అదే పవన్‌ను టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. అప్పటికి అంతకుమించిన ధర ఎవరికీ పలకలేదు. జట్టంతా కూర్చుకోవటానికి చేతిలో ఉన్నది మొత్తం 5 కోట్లు. సగానికి పైగా ఒక్కడికే పోయింది. పెళ్ళి ఖర్చంతా పట్టుచీరకే పెట్టి, విస్తళ్ళకు అప్పు చేసినట్టు. అతను రెండువందలకు పైగా పాయింట్లు తెచ్చినా 22 ఆటల్లో గెలిచినవి రెండే. ఆ తరువాత 2024లో అతను నడుమన గాయపడ్డాడు. ఈసారి విజయ్ మలిక్ అందుకున్నాడు. జట్టు 12 ఆటలు గెలిచి ఏడవ స్థానంలో ఆగిపోయింది, ఆరు జట్లకే ముందుకు దారి. 2025లో పవన్ లేకుండానే, ఆ విజయ్ మలిక్ నాయకత్వంలోనే ప్లే ఆఫ్స్ ఆడింది. రాత్రులు మేలుకుని చూశాను. మా ఇల్లాలు ‘రిటైరయ్యాక పరీక్ష పేపర్లు తప్పాయనుకుంటే ఇదొకటి’ అని సణిగింది.

మా పెద్దబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడి ఫుట్‌బాల్ చూసి, ‘నాన్నగారూ, ఇది బంతితో ఆడే చెడుగుడు’ అన్నాడు. బంతి చంకలో పెట్టుకుని గుంపులోకి దూసుకుపోయే రన్నింగ్ బ్యాక్ మన కూతగాడికి అన్నవంటివాడు. వాళ్ళ జట్టులో 53 మంది ఉంటారు. అయినా 2024 డిసెంబరు 1న బఫెలోలో మంచు కురుస్తుండగా శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకు ఒకే రాత్రి మొదటివాడు మెకాఫ్రీ మోకాలు, రెండవవాడు మేసన్ చీలమండ దెబ్బతిన్నాయి. మూడవవాడు గెరెండో అనే కొత్తవాడు. నన్ను ఆకర్షించింది వేరొక సంగతి. గాయపడ్డవాడి పేరు ఒక ప్రత్యేక జాబితాలో చేరిస్తే కనీసం నాలుగు ఆటలు వాడు ఆడకూడదు. ఆ ఖాళీలో ఇంకొకణ్ణి తీసుకోవచ్చు. గాయపడ్డవాడి జీతం ఆగదు. ఆడతావా, మానుతావా అని కుంటుతున్నవాణ్ణే అడిగే అవస్థ కొంతైనా తప్పుతుంది.

ఆ అవస్థ నాకు తెలుసు. 1998లో మా బడి పిల్లలను జిల్లాస్థాయి పోటీలకు తీసుకువెళ్ళాము. బస్సు చార్జీలకు వచ్చిన డబ్బు తొమ్మిదిమందికి సరిపోయింది. జాబితాలో పన్నెండు పేర్లు, బస్సులో తొమ్మిది. కూతకు వెళ్ళేవాళ్ళు ఇద్దరే, మిగతావారంతా పట్టేవాళ్ళు. ఆ ఇద్దరిలో ఒకడు పదవ తరగతి పిల్లవాడు, కూలివాళ్ళ కొడుకు. పాదాలకు చక్రాలున్నట్టు తిరిగేవాడు. సెమీఫైనలులో తొడ దగ్గర పట్టు పడి మోకాలు మెలితిరిగింది. సోడాబండి దగ్గర ఐసు తెచ్చి పెట్టాము. తాటిపండంత వాచింది. ఫైనలు రెండు గంటల్లో ఉన్నది.

మా డ్రిల్లు మాస్టారు క్రేపు బ్యాండేజీ చుట్టి ఆడిద్దామన్నారు. ఆయన దుర్మార్గుడు కాడు. రాష్ట్రజట్టుకు ఎంపిక చేసేవాళ్ళు అక్కడ కూర్చుని ఉన్నారు. ఆ పిల్లవాడికి అటువంటి రోజు మళ్ళీ వస్తుందా అన్నది ఆయన వాదన. చదువులో వాడు అంతంతమాత్రం. ఆ సర్టిఫికెట్టు ఒక్కటే వాణ్ణి ఎక్కడికైనా చేర్చగలది. అది నేనూ కాదనలేదు. ‘ఆడతా సార్, నొప్పి లేదు సార్’ అని వాడు లేచి నిలబడ్డాడు. కాలు మోపినప్పుడు కింది పెదవి పళ్ళకింద నొక్కిపట్టాడు. తండ్రి దగ్గర వేలిముద్ర తీసుకుని వాణ్ణి ఇంటినుంచి తెచ్చినవాణ్ణి నేను. వీల్లేదన్నాను. మూలన పట్టే పొట్టిపిల్లవాణ్ణి కూతకు పంపారు. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాము.

పరీక్షలయ్యేదాకా ఆ పిల్లవాడు నాతో మాట్లాడలేదు. నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు, డ్రిల్లు మాస్టారి అభిప్రాయమూ మారలేదు. కలిసినప్పుడల్లా ఇద్దరం టీ తాగుతూ అదే వాదించుకుంటాము. చిత్రమేమిటంటే నేను ఆపినందువల్ల ఆ మోకాలు బాగుపడిందీ లేదు. స్కానింగులకు వాళ్ళకు స్తోమత ఎక్కడిది? నాటుకట్టు కట్టించారు. వాపు తగ్గింది, పట్టు రాలేదు. మళ్ళీ అతను బరిలోకి దిగలేదు. ఇప్పుడు ట్రాక్టరు నడుపుతాడు. క్లచ్చు తొక్కేది ఆ కాలితోనే. మా గణపేశ్వరాలయం మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతాడు.

ఈ ముచ్చట రాయటానికి కారణం అతని కొడుకు. ఇరవై ఏళ్ళు. తండ్రి పాదాలే వచ్చాయి. క్రీడల కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం రాకపోదని ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నారు. నిరుడు ఊళ్ళ పోటీల్లో వాడికీ మోకాలి లిగమెంటు తెగింది. ఈసారి స్కానింగు తీయించారు, ఆపరేషను చేయించారు. తొమ్మిది నెలలదాకా ఆట మాట ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు. అప్పు ఎంతైందో తండ్రి నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాడి స్థానంలోకి పక్క ఊరి పిల్లవాడు వచ్చాడు. మూడేళ్ళు బల్లమీద కూర్చుని నీళ్ళసీసాలు అందించినవాడు. వాడికి ఈ అవకాశం ఎదుటివాడి మోకాలు పెట్టిన భిక్ష అని ఎవరో అన్నారట. నాకు కోపం వచ్చింది. సిరాజ్ మెల్‌బోర్న్‌లో అడుగుపెట్టింది షమీ చెయ్యి విరిగినందువల్లనే. ఆ పర్యటన చివరలో, 2021 జనవరిలో, బ్రిస్బేన్‌లో పెద్దవాళ్ళంతా గాయాలతో కూర్చుంటే మూడవ టెస్టు ఆడుతున్న ఆ హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు అయిదు వికెట్లు తీశాడు. దాన్ని భిక్ష అంటామా? అదే సిరీస్‌లో సిడ్నీలో మన విహారి తొడకండరం పట్టుకుపోయినా 161 బంతులు నిలబడి 23 పరుగులతో ఓటమి తప్పించాడు. ఆ తరువాతి టెస్టు ఆడలేకపోయాడు. మొత్తం మీద 16 టెస్టులతో అతని లెక్క ఆగింది. చప్పట్లు కొట్టినవాళ్ళు జాబితా రాసే గదిలో ఉండరు.

మొన్న తండ్రి వచ్చాడు. సంక్రాంతి పోటీలకు జాబితా రాస్తున్నారు. పదకొండు పేర్లు కుదిరాయి. కొడుకు డాక్టరు గడువు ఇంకా రెండు నెలలున్నది. అయినా పన్నెండవ పేరు తనది రాయమని అడుగుతున్నాడు.

‘ఏం చెయ్యమంటరు సార్? పేరుంటే ఆగడు. ఏ ఆఖరు నిమిషంలోనో దిగుతనంటడు. పేరు తీసేస్తే అన్నం తినడు’ అన్నాడు.

‘నువ్వేమనుకుంటున్నవురా?’ అన్నాను.

‘ఆనాడు మీరు వద్దన్నరు. నాకు ఇరవై ఏళ్ళు కోపముండె సార్. గిప్పుడు నా నోటితోని అదే మాట వస్తలేదు’ అన్నాడు.

చాలాసేపు కూర్చున్నాము. చివరకు నేనే శిక్షకుడితో మాట్లాడాను. పన్నెండవ పేరు ఒక పట్టేవాడిది రాశారు. ఈ పిల్లవాణ్ణి జట్టుతోపాటు బస్సులో తీసుకువెళ్ళటానికి ఒప్పుకున్నారు, చార్జీ నేను ఇస్తానన్నాను. వాడు రెండు రోజులు మా ఇంటివైపు రాలేదు. ఆదివారం సాయంత్రం పాలేరు వైపు నడకకు వెళ్తూ మైదానం దగ్గర ఆగాను. గీత పక్కన కుర్చీ వేసుకుని, కాలు ఇంకొక కుర్చీమీద చాపుకుని, పక్క ఊరి పిల్లవాడి మీద కేకలు వేస్తున్నాడు.

‘ఎడమకాలు ముందుగల్ల వేస్తున్నవురా! నువ్వు ఎటు తిరుగుతవో మూలనోడికి ఎరుకైతున్నది. మళ్ళ పో!’

ఆ పిల్లవాడు మళ్ళీ కూతకు వెళ్ళాడు.